బజారు ఒకరి సొంతమైతే మన మాట ఎక్కడ?

నగరాల్లో మనుషులు కలుసుకునే చోట్లన్నీ కొనుక్కునే చోట్లయిపోయాయని బాధపడేవాళ్ళు చాలామంది ఉన్నారు. కెఫేలు, మాల్‌లు, మల్టీప్లెక్స్ లాబీలు, ఆఫీసు టవర్ల ముందు గ్రానైటు పరిచిన ఖాళీ జాగాలు. ఇవన్నీ వ్యాపారం కోసం కట్టినవి, వీటిలో ప్రజాచర్చ ఏమిటి, చర్చ జరగాల్సింది పార్కులో, టౌన్‌హాల్లో, గ్రంథాలయంలో అంటారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది గానీ ఆ వాదనతో మాత్రం ఏకీభవించలేను. వ్యాపారం జరిగే చోట జనం మాట ఎప్పుడూ ఉంది. ఏథెన్స్‌లో సరుకులమ్మే అగోరాలోనే ఊరి సంగతులన్నీ నడిచేవి. అమ్మకం జరుగుతోంది కాబట్టి అక్కడి మాట తక్కువదని నేననుకోను. నా అభ్యంతరం వేరు. ఒక దుకాణదారుకి తన గుమ్మం మీద ఎంత హక్కు ఉందో, అంత హక్కునీ ఒక వీధి మొత్తం మీద, ఒక టౌన్ సెంటర్ మొత్తం మీద ఒకే కంపెనీ చేతికి ఇచ్చేస్తున్నాం. ఈ రెండూ ఒకటి కావు. చట్టం కూడా వీటిని ఒకేలా చూడకూడదు.

ఇస్తాంబుల్‌లో పదహారో శతాబ్దం మధ్యలో కాఫీ దుకాణాలు మొదలయ్యాయి. పాలకులకి వాటిమీద అనుమానం పోలేదు. 1633లో సుల్తాన్ నాలుగో మురాద్ వాటిని మూయించాడు. లండన్‌లో మొదటి కాఫీహౌస్ 1652లో కార్న్‌హిల్ దగ్గర ఒక సందులో తెరుచుకుంది. పాతికేళ్ళు తిరక్కుండానే అక్కడి రాజుకీ అదే తలనొప్పి పట్టుకుంది. పనీపాటా లేనివాళ్ళు అక్కడ చేరి ప్రభుత్వం మీద లేనిపోని వార్తలు పుట్టిస్తున్నారనీ, కాబట్టి జనవరి 10 నుంచి కాఫీహౌసులన్నీ మూసెయ్యాలనీ 1675 డిసెంబరు 29న రెండో చార్లెస్ ప్రకటన ఇచ్చాడు. గోల ఎంత రేగిందంటే, గడువుకి రెండు రోజుల ముందే దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

రాజుల్ని అంతగా భయపెట్టింది అక్కడ కూర్చునే తీరు. పొడవాటి బల్లలు ఉండేవి. పెన్నీ ఇచ్చి లోపలికి వచ్చినవాడు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ సర్దుకోవాలి. పక్కన ఓడల వ్యాపారి ఉండొచ్చు, లాయరు ఉండొచ్చు, అప్పులవాళ్ళకి మొహం చాటేస్తున్న కవి ఉండొచ్చు. బల్ల మీద వార్తాపత్రికలు పడి ఉంటాయి. ఒకడు పైకి చదువుతాడు, ఎదుటివాడు అది అబద్ధం అంటాడు, ఇంతలో మూడోవాడు కల్పించుకుని రేవులో తాను విన్నది చెబుతాడు. నాకు ఈ మూడోవాడు ముఖ్యం. అతన్ని ఎవరూ పిలవలేదు. ఎవరి తాలూకూ కాదు. పక్కన చోటు ఖాళీగా ఉంది కాబట్టి కూర్చున్నాడు, విన్నాడు కాబట్టి మాట్లాడాడు. మనం ఎంచుకోని మనిషి మన మాటలోకి రాగలగడం, అతని మాటలోకి మనం వెళ్ళగలగడం, నేను ప్రజాచర్చ అనేది దీన్నే. నలుగురు స్నేహితులు ఒక టేబుల్ చుట్టూ చేరి దేశ రాజకీయాలన్నీ తిరగేసినా అది ఇంటి హాల్లో మాట్లాడుకోవడంతో సమానమే.

ఆ కాఫీహౌసుల్ని పొగిడేటప్పుడు ఒక సంగతి దాచకూడదు. వాటిలో పనిచేసిన ఆడవాళ్ళున్నారు, వాటిని సొంతంగా నడిపిన ఆడవాళ్ళూ ఉన్నారు. కానీ బల్ల దగ్గర కూర్చుని వాదించే చోటు మాత్రం వాళ్ళకి దాదాపుగా లేదు. తలుపు మీద బోర్డు పెట్టకుండానే సగం ఊరిని బయట నిలబెట్టారు. వ్యాపారస్థలం దానంతటదే అందరిదీ అయిపోతుందని నేను అనడం లేదు. ఎవరో ఒకరు పట్టుబడితేనే అవుతుంది.

అలా పట్టుబట్టిన కథ ఒకటి అక్కడే జరిగింది. జోనాథన్స్ అనే కాఫీహౌస్‌లో షేర్ల బేరాలు నడిచేవి. 1761లో నూట యాభై మంది బ్రోకర్లు క్లబ్బుగా ఏర్పడి, యజమానికి డబ్బు కట్టి, రోజులో కొన్ని గంటలు ఆ చోటు తమకే ఉండాలని ఒప్పందం చేసుకున్నారు. క్లబ్బులో లేనందుకు బయటికి గెంటించుకున్న ఒక బ్రోకరు కోర్టుకెక్కాడు. 1762లో గెలిచాడు. అది ఎప్పటినుంచో అందరూ వచ్చి బేరమాడుకునే చోటు, కొందరు గంపగుత్తగా తీసుకోవడం కుదరదని తేలింది. చూడండి, యజమాని ఉన్నాడు, అద్దె ఉంది, లాభం ఉంది. అయినా జనం ఆ చోటుని వాడుకుంటూ వచ్చిన తీరు వల్ల యజమాని ఇష్టానికి ఒక హద్దు పడింది. (ఆ బ్రోకర్లు ఊరుకోలేదు. 1773లో సొంత భవనం కట్టుకుని వెళ్ళిపోయారు. లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్ అక్కడి నుంచి పెరిగిందే.)

పారిస్‌లో సంగతి ఇంకా విచిత్రం. పాలే రొయాల్ ఒక రాజవంశీకుడి సొంత ఆస్తి. తర్వాత ఓర్లియన్స్ డ్యూక్ అయిన ఆ పెద్దమనిషి 1780ల్లో డబ్బు అవసరం పడి తోట చుట్టూ వరుసగా దుకాణాలు కట్టించి అద్దెకిచ్చాడు. అతని ఇష్టం లేకుండా పోలీసులు లోపల అడుగుపెట్టడానికి లేదు. దాంతో రాజుని తిట్టాలన్నా, తిట్టేవాళ్ళని వినాలన్నా జనం అక్కడికే చేరేవారు. 1789 జులై 12న కామీ దెమూలాఁ అనే పాత్రికేయుడు అక్కడి ఒక కెఫే ముందు టేబుల్ ఎక్కి జనాన్ని ఆయుధాలు పట్టమన్నాడు. రెండు రోజులకి రాజుగారి జైలుకోట బాస్టీల్ జనం చేతికి చిక్కింది.

ప్రభుత్వ స్థలమైతే మాటకి రక్షణ, ప్రైవేటు స్థలమైతే ముప్పు అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళు ఈ కథని ఎక్కడ పెడతారో నాకు తెలీదు. 1866లో ఓటుహక్కు కోసం సభ పెట్టుకుందామని జనం లండన్ హైడ్ పార్కుకి వెళ్తే గేట్లు మూసేసి ఉన్నాయి. అది ఎవరి షాపూ కాదు, రాజ్యానిదే. కమ్మీలు పడగొట్టుకుని లోపలికి పోయారు. ఆ పార్కులో సభల సంగతి చట్టంలోకి ఎక్కింది 1872లో. కాబట్టి స్థలం ఎవరి పేరు మీద ఉందన్నది సగం ప్రశ్నే. అక్కడ మాట్లాడే మనిషిని ఆపే శక్తి ఎవరికుంది, ఆ శక్తికి హద్దెక్కడుంది అన్నది మిగతా సగం.

ఇక మాల్ దగ్గరికి వద్దాం. ఇప్పటి మాల్‌కి మూలపురుషుడు విక్టర్ గ్రూయెన్. నాజీల దెబ్బకి 1938లో వియన్నా వదిలి అమెరికా చేరిన ఆర్కిటెక్టు. మినియాపొలిస్ శివారులోని ఈడైనాలో ఆయన కట్టిన సౌత్‌డేల్ సెంటర్ 1956లో తెరుచుకుంది. మొత్తం ఒకే కప్పు కింద, ఏసీలో నడిచే మాల్‌లన్నిటికీ అదే నమూనా. ఆయన ఆశ మాత్రం వేరు. ఇంటినుంచి కారులోకి, కారులోంచి ఆఫీసులోకి తప్ప మరో మనిషికి ఎదురుపడని శివారు జనాన్ని నడిపించాలి, ఒకరికొకరు తారసపడేలా చెయ్యాలి అనుకున్నాడు. మాల్ చుట్టూ ఇళ్ళు, స్కూళ్ళు, పార్కు, వైద్యకేంద్రం, అన్నీ ప్లాన్‌లో గీశాడు. అవేవీ ఆయన గీసినట్టు రాలేదు. దుకాణాలూ వాటి చుట్టూ పార్కింగూ వచ్చాయి. 1978లో ఆయనే బాహాటంగా చెప్పేశాడు, ఈ మాల్‌లకి తండ్రినని నన్ను అనొద్దని.

గ్రూయెన్ బాధపడింది అసలు కారణం మీద కాదని నాకనిపిస్తుంది. ఆయన గీసినవన్నీ కట్టి ఉన్నా అసలు చిక్కు అలాగే ఉండేది. పాత బజారులో వంద దుకాణాలుంటే వందమంది యజమానులు. ఒకడు నిన్ను పొమ్మంటే పక్కవాడు రమ్మంటాడు. ఇద్దరూ పొమ్మన్నా మధ్యలో వీధి ఉంది, అది ఊరిది. వీధిలో నిలబడి కరపత్రం పంచుతుంటే షాపువాడు మొహం చిట్లించగలడు, అంతే. మాల్‌లో రెండు షాపుల మధ్య నడవకి కూడా యజమాని ఉన్నాడు. మెట్లకి, బెంచీకి, ఫౌంటెన్‌కి, మెయిన్‌రోడ్డు నుంచి లోపలికొచ్చే దారికి కూడా. అంతటికీ ఒకే యజమాని, ఒకే రూల్ బుక్, ఒకే కంట్రోల్ రూమ్. అక్కడ ఒకచోట కాదన్నారంటే అన్నిచోట్లా కాదన్నట్టే. దుకాణాలు ఎన్ని ఉన్నా, వద్దనే గొంతు ఒక్కటే.

ఇది నేను దగ్గర్నుంచి చూశాను. నగరంలో ఒక శాఖా గ్రంథాలయాన్ని మూసెయ్యాలని నిర్ణయించినప్పుడు, వద్దనేవాళ్ళం కొంతమంది ఒక మాల్‌లోని కెఫేలో కలుసుకునేవాళ్ళం. అందరికీ వీలు చిక్కేది సాయంత్రం పొద్దుపోయాక. ఆ వేళకి గ్రంథాలయానికి తాళం, పార్కుకి తాళం. మిగిలింది అదొక్కటే. అక్కడి టేబుళ్ళు ఇద్దరికి సరిపోయేవి, కాళ్ళు నేలకి బిగించేసి ఉంటాయి. దగ్గరికి లాక్కోవడం కుదరదు. మేం వరుసగా మూడు టేబుళ్ళ మీద సర్దుకుని, ఒకరి తల మీదుగా ఒకరం మాట్లాడుకునేవాళ్ళం. సరిగ్గా మధ్య టేబుల్ పైన స్పీకరు. పాట మారినప్పుడల్లా గొంతు పెంచాలి, గొంతు పెంచితే పక్కవాళ్ళు చూస్తారు.

ఆ రోజు మాలో ఒక రిటైర్డ్ టీచరు సంతకాల కాగితం తెచ్చారు. అట్టకి క్లిప్పు పెట్టి, పెన్నుకి దారం కట్టి, గళ్ళు స్కేలుతో గీసి మరీ తెచ్చారు. ఆయన దాన్ని మాకు చూపిస్తుంటే పక్క టేబుల్ దగ్గర ఒక్కతే కూర్చున్న ఒకావిడ, "ఏ లైబ్రరీ అండీ?" అని అడిగింది. ఈయన చెప్పారు. "అయ్యో, మా పాప అక్కడికే వెళ్తుంది కదా. ఎందుకు మూస్తున్నారట?" అంటూ ఆవిడ కుర్చీ ఇటు తిప్పుకుంది. ఖర్చని చెబుతున్నారు, లెక్క మాత్రం చూపించడం లేదని ఈయన అన్నారు. మా ఇద్దరు ముగ్గురికి తెలియని సంగతి ఒకటి ఆవిడే చెప్పింది, పరీక్షల రోజుల్లో అక్కడ పిల్లలు చోటు దొరక్క మెట్ల మీద కూర్చుని చదువుకుంటారట. టీచరుగారు అట్ట ఆవిడ వైపు జరిపారు. ఆవిడ పెన్ను మూత తీసింది.

ఇంతలో సెక్యూరిటీ కుర్రాడు వచ్చాడు. కోపంగా ఏం లేడు. కొంచెం వంగి, మెల్లగానే చెప్పాడు: "సార్, మీరు ఎంతసేపైనా కూర్చోండి, మాట్లాడుకోండి. పక్కవాళ్ళ చేత సంతకాలు మాత్రం పెట్టించొద్దు సార్."

"ఇందులో తప్పేముంది బాబూ?" అన్నారు టీచరుగారు.

"తప్పని కాదు సార్. పర్మిషన్ ఉండాలి. పైన కెమెరాలో చూసి నాకు ఫోన్ చేశారు, నేను రాకపోతే నన్నడుగుతారు."

ఆవిడ పెన్నుకి మూత పెట్టేసింది. "ఎందుకులెండి మీకు ఇబ్బంది," అని కుర్చీ మళ్ళీ అటు తిప్పుకుంది. పర్మిషన్ కోసం మేనేజ్‌మెంట్ ఆఫీసుకి వెళ్తే, ప్రచార కార్యక్రమాలకి ఫారం ఉంది గానీ అది బ్రాండ్లకి, రోజువారీ రేటు ఉంటుంది, రాజకీయ స్వభావం ఉన్నవాటికి ఇవ్వం అన్నారు. గ్రంథాలయం తెరిచి ఉంచమనడం రాజకీయమట!

ఆ కుర్రాడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అతనికి ఇచ్చిన రూలులో గీత ఎక్కడ ఉందో చూడండి. మా మాటని ఆపమనలేదు. మాలో మేం ఎంత మాట్లాడుకున్నా వాళ్ళకి పర్వాలేదు, ఖాళీ కప్పులు ముందున్నంతసేపూ మేం కస్టమర్లమే. పక్క టేబుల్ మనిషి మాటలో కలిసిన క్షణంలోనే ఫోన్ మోగింది. కాఫీహౌస్ బల్ల దగ్గర కల్పించుకున్న ఆ మూడోవాడున్నాడే, ఇక్కడ నిషేధం సరిగ్గా అతని మీదే.

ఈ చిక్కుని కోర్టులు ఎప్పుడో చూశాయి. అమెరికాలో అలబామా రాష్ట్రంలో చికసా అని ఒక ఊరుండేది. ఊరంటే ఊరే, ఇళ్ళు, రోడ్లు, మురుగుకాల్వలు, దుకాణాల వీధి, అన్నీ ఉన్నాయి. అన్నీ ఒక ఓడల తయారీ కంపెనీవి. అక్కడ పోస్టాఫీసు దగ్గర ఫుట్‌పాత్ మీద మతప్రచారం కాగితాలు పంచుతున్న గ్రేస్ మార్ష్ అనే ఆవిడని అరెస్టు చేశారు. 1946లో సుప్రీంకోర్టు ఆవిడ పక్షాన తీర్పిచ్చింది. యజమాని తన లాభం కోసం తన ఆస్తిని జనానికి ఎంతగా తెరిస్తే, అతని హక్కులు ఆ జనం హక్కులకి అంతగా ఒదిగి ఉండాలని జస్టిస్ హ్యూగో బ్లాక్ రాసిన తీర్పు సారాంశం. నా వాదన మొత్తం ఆ ఒక్క సూత్రంలో ఉంది.

ఆ సూత్రం ఎక్కువ కాలం నిలబడలేదు. 1968లో పెన్సిల్వేనియాలో ఒక షాపింగ్ సెంటర్ దగ్గర కార్మికులు ప్లకార్డులు పట్టుకోవచ్చని అదే కోర్టు ఒప్పుకుంది. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1972లో, పోర్ట్‌లాండ్‌లోని లాయిడ్ సెంటర్ మాల్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచినవాళ్ళకి ఒక్క జడ్జి తేడాతో, 5-4తో, లేదు పొమ్మంది. 1976లో ఆ 1968 తీర్పుని కూడా చెల్లదు పొమ్మంది. మాల్ అనేది ఊరు కాదట, షాపుట. మాల్‌లు ఊళ్ళ నడిబొడ్డు స్థానాన్ని ఆక్రమిస్తున్న సరిగ్గా ఆ రోజుల్లోనే, అవి షాపులు మాత్రమేనని తీర్పు రావడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అయితే అదే కోర్టు 1980లో ఒక కిటికీ తెరిచి ఉంచింది. కాలిఫోర్నియాలోని ప్రూన్‌యార్డ్ షాపింగ్ సెంటర్‌లో హైస్కూలు పిల్లలు చిన్న బల్ల వేసుకుని సంతకాలు సేకరిస్తుంటే గార్డు పంపించేశాడు. కాలిఫోర్నియా తన రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఆ పిల్లలకి హక్కుందంటే, దానివల్ల యజమాని ఆస్తిహక్కుకి భంగమేమీ లేదని సుప్రీంకోర్టు తేల్చింది. 1994లో న్యూజెర్సీ రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా పెద్ద ప్రాంతీయ మాల్‌లలో కరపత్రాలు పంచుకోవచ్చంది. రెండు చోట్లా మాల్‌కి కొన్ని అధికారాలు మిగిలాయి: బల్ల ఎక్కడ వేసుకోవాలో, ఏ వేళల్లోనో, దారికి అడ్డం లేకుండా ఎలానో చెప్పొచ్చు. ఏం మాట్లాడాలో మాత్రం చెప్పకూడదు. ఆ రాష్ట్రాల్లో మాల్‌లు ఆ తర్వాతా కట్టారు, ఆ తర్వాతా లాభాలు చూశారు.

దీనికి పూర్తిగా ఎదురుదిశలో ఉన్నది ఇంగ్లండ్ కేసు. దాన్ని చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఉత్తర ఇంగ్లండ్‌లో వాషింగ్టన్ అనే కొత్త పట్టణాన్ని ప్రభుత్వ సంస్థ కట్టింది. పట్టణం నడిబొడ్డున గ్యాలరీస్ అనే షాపింగ్ సెంటర్‌ని కూడా ఆ సంస్థే కట్టింది. షాపులతోబాటు గ్రంథాలయం, హెల్త్ సెంటర్, అన్నీ ఆ చుట్టుపక్కలే. 1987 చివర్లో దాన్ని ప్రైవేటు కంపెనీకి అమ్మేశారు. తర్వాత ఊళ్ళో ఆటస్థలంలో కట్టడాలకి అనుమతి ఇవ్వబోతుంటే, వద్దంటూ కొందరు ఆ సెంటర్‌లో సంతకాలకి కూర్చున్నారు. కుదరదన్నారు కొత్త యజమానులు. కేసు యూరోపియన్ మానవహక్కుల కోర్టు దాకా పోయింది. 2003లో ఒక్క జడ్జి తప్ప మిగతా ఆరుగురూ కంపెనీ పక్షమే. ఇంటింటికీ తిరగొచ్చు, పేపరుకి రాయొచ్చు, బయట దారిలో నిలబడొచ్చు కదా అన్నారు. ఊరంతా ఒక కంపెనీ గుప్పిట్లో ఉంటే అప్పుడు సంగతి వేరని ఒక మాట మాత్రం వదిలిపెట్టారు. ప్రజల డబ్బుతో కట్టిన ఊరి నడిబొడ్డులో, ప్రజల ఆటస్థలం గురించి, ఆ ప్రజలే సంతకం పెట్టలేకపోయారు. అంతకంటే స్థానికమైన విషయం, అంతకంటే స్థానికమైన చోటు ఇంకేముంటుంది?

టవర్ల ముందు ఖాళీ జాగాలదీ ఇదే కథ. 1961లో న్యూయార్క్ తన కట్టడాల నిబంధనలు మార్చి, జనం కోసం నేలమీద ఖాళీ చోటు వదిలిన బిల్డరుకి పైన అదనపు అంతస్తులు కట్టుకోనిచ్చింది. మంచి బేరమే. అలాంటి ఒప్పందంలోంచి వచ్చినదే జుకోటి పార్కు. 2011 సెప్టెంబరు 17న, ఆర్థిక అసమానతకి వ్యతిరేకంగా లేచిన ఆక్యుపై ఉద్యమం అక్కడ దిగింది. నగరపాలక పార్కులైతే రాత్రి మూసేస్తారు. ఇది ప్రైవేటుదైనా, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉంచాలన్నది యజమాని ఒప్పుకున్న షరతు. ఆ షరతే వాళ్ళకి నిలబడే చోటిచ్చింది. మైకుకి పర్మిషన్ లేదు. అందుకని ఒకరు ఒక్కో వాక్యం చెబితే చుట్టూ ఉన్నవాళ్ళు ఆ వాక్యాన్ని గట్టిగా తిరిగి చెప్పేవారు, వాళ్ళ వెనకున్నవాళ్ళు మళ్ళీ చెప్పేవారు. నచ్చని మాటని కూడా నీ నోటితో పలికి వెనకవాళ్ళకి అందించాలి. అంత శ్రద్ధగా వినే సభని నేను ఇంకోచోట ఊహించలేను. నవంబరు 15న దాన్ని ఖాళీ చేయించారు. అదే శరదృతువులో లండన్ ఉద్యమకారులు స్టాక్ ఎక్స్ఛేంజ్ పక్కనున్న పాటర్‌నోస్టర్ స్క్వేర్‌లో కూర్చోవాలనుకున్నారు. అదీ ప్రైవేటు చోటే. అక్కడ అలాంటి షరతేదీ ఆదుకోలేదు. కోర్టు ఉత్తర్వుతో దారులు మూసేశారు, వాళ్ళు సెయింట్ పాల్స్ కెథడ్రల్ ముందు గుడారాలు వేసుకున్నారు.

ఇక ఎదురువాదనలు. ఇంటర్నెట్ ఉండగా ఈ గొడవంతా దేనికంటారు. ఇంటర్నెట్‌లో చర్చా వేదికలకీ యజమానులు ఉన్నారు, వాళ్ళ రూల్ బుక్ ఇంకా లావు. పైగా మన వీధి గ్రంథాలయం సంగతి మన వీధివాళ్ళ కంటపడే పూచీ అక్కడ లేదు. దీనిమీద ఇంతకంటే చెప్పక్కర్లేదు.

గట్టి వాదన ఇంకోటుంది: పనివాళ్ళ సంగతేమిటి? గొడవ జరిగితే సర్దాల్సింది కౌంటరు దగ్గర నిలబడ్డ అమ్మాయి, తలుపు దగ్గరి కుర్రాడు. వాళ్ళ జీతంలో ఆ పని లేదు. నిజమే. అందుకే నేను ప్రతి షాపులోనూ ఈ హక్కు కావాలనడం లేదు. పది కుర్చీల కెఫే నడిపే మనిషి తన గదిలో పాట పెట్టుకుంటాడా, నిశ్శబ్దం పెట్టుకుంటాడా, చర్చలు వద్దంటాడా, అతని ఇష్టం. పక్కన ఇంకో కెఫే ఉంటుంది, ముందు వీధి ఉంటుంది. చిన్నవాళ్ళకి ఈ స్వేచ్ఛ ఉండాలి. ఒక్కో గది ఒక్కోలా ఉండబట్టే నగరంలో రకరకాల మాటలకి చోటు దొరుకుతుంది.

అలాగని వ్యాపారి మంచితనం మీద ఆధారపడితే సరిపోతుందా అంటే, అదీ చాలదు. 2018 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలోని స్టార్‌బక్స్‌లో ఏమీ కొనకుండా ఒకరి కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు నల్లజాతి యువకుల్ని పోలీసుల్ని పిలిపించి అరెస్టు చేయించారు. దేశమంతా మండిపడింది. మే నెలలో ఆ కంపెనీ కొనకపోయినా ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని ప్రకటించింది. 2025 జనవరిలో ఆ నియమం తీసేసింది, చోటు కస్టమర్లకే అంది. ఒక దుకాణంగా ఆ పని చెయ్యడానికి దానికి హక్కుంది, నేను కాదనను. కానీ ఒక మెమోతో వచ్చినది ఇంకో మెమోతో పోయింది. అలాంటిదాన్ని నమ్ముకుని ఊరు తన చర్చలకి చోటుందని ధీమాగా కూర్చోలేదు.

కాబట్టి గీత గియ్యాల్సింది పరిమాణం దగ్గర. ఎవరైనా ఒక గదిని కాకుండా వీధిని కట్టినప్పుడు, షాపుల మధ్య నడవలు, చౌకు, బెంచీలు, మెట్రో నుంచి బస్టాపుకి అడ్డదారి కూడా తమ స్థలంలోంచే పోయేలా కట్టినప్పుడు, ఆ నడవల్లో వీధిలో ఉండే హక్కు ఉండాలి. షాపుల లోపల అక్కర్లేదు, నడవల్లో చాలు. బల్ల వేసుకోవడానికి జనం నడిచే దారిలోనే ఒక చోటు చూపించాలి, పార్కింగ్ మూడో బేస్‌మెంట్లో కాదు. వేళలు యజమాని పెట్టుకోవచ్చు. చప్పుడుకి హద్దు పెట్టుకోవచ్చు. విషయం అడగకూడదు, రేటు అడగకూడదు. ఇదేమీ ఉచితంగా ఇమ్మనడం కాదు. ఇంత స్థలం ఒకే చేతికి పోవడానికి భూసేకరణ, రోడ్డు వెడల్పు, మెట్రో లింకు, అదనపు అంతస్తులు, ఇవన్నీ ఊరే సమకూర్చింది.

రాసిపెట్టి వదిలేస్తే సరిపోదు, తనిఖీ ఉండాలి. న్యూయార్క్‌లో ఇలాంటి ప్రైవేటు చౌకులు, ప్లాజాలు ఉన్న 333 చోట్లకి గాను 182 చోట్ల, ఒప్పుకున్న సదుపాయాలు లేవని 2017లో నగర కంప్ట్రోలర్ ఆడిట్‌లో బయటపడింది. అదనపు అంతస్తులు మాత్రం అన్నీ కట్టే ఉంటాయి. లండన్ మేయర్ 2021లో ఇలాంటి చోట్లకి ఒక చార్టర్ తెచ్చారు, జనం మీద పెట్టే ఆంక్షలు అవసరమైనంత మేరకే ఉండాలని. దిశ మంచిదే. కానీ కొత్తగా కట్టేవాటి విషయంలోనే దానికి ఏమాత్రమైనా పట్టుంది. కట్టేసిన వాటి దగ్గర నచ్చజెప్పడం తప్ప పెద్దగా చేసేదేం లేదు.

దీన్నిబట్టి పర్మిషన్ కాగితం మీద సంతకం పడకముందే అడగాలి. పెద్ద ప్రాజెక్టుల మీద అభ్యంతరాలు పిలిచినప్పుడు ఎత్తు గురించి, ట్రాఫిక్ గురించి, పార్కింగ్ గురించి జనం రాస్తూనే ఉంటారు. వాటి కింద ఇంకో నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా చేర్చమని అడుగుతున్నాను. ఇందులో నడవలు, చౌకులు ఎన్ని గంటలు తెరిచి ఉంటాయి? సంతకాల బల్ల ఎక్కడ వేసుకోవచ్చు? గార్డు వద్దంటే ఏ అధికారికి చెప్పుకోవాలి, ఆ అధికారి ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి? స్థలం రేపు ఇంకొకరికి అమ్మితే ఈ షరతులు కొన్నవాళ్ళకీ వర్తిస్తాయా?